పాట జనానిది.. ప్రతిఫలం ఎవరిది?
చట్టం ఇచ్చిన హక్కు తెలియక నష్టపోతున్న అనంత గాయకులు, రచయితలు

అనంతపురం: ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురవడమే గగనమైన అనంత పీఠభూమిలో వేరుశనగ ఎన్నిసార్లు ఎండినా పాట మాత్రం ఎండలేదు. ఉరుముల దరువు, గొరవయ్యల ఢమరుకం, చెక్కభజన, కోలాటం, తోలుబొమ్మలాట, రాత్రంతా సాగే పౌరాణిక నాటకం ఈ గడ్డకు కరవులోనూ తోడున్నాయి. ఒకప్పుడు ఊరి రచ్చబండ దాటని ఈ పాటలు నేడు సెల్‌ఫోన్లకెక్కి లక్షల మందికి చేరుతున్నాయి. పాట చేరినంత దూరం పాటగాడి పేరు చేరడం లేదు. పేరు చేరిన చోటా పైకం చేరడం లేదు. బెంగళూరుకు వలస వెళ్లి కూలి చేసుకునే గాయకుడి గొంతు ఎవరి ఛానల్‌లోనో ఆదాయం తెచ్చిపెడుతుంటే, ఆ ఆదాయంలో తనకు వాటా ఉండవచ్చన్న సంగతే అతనికి తెలియదు.

కాపీరైటు అనగానే అది సినిమా వారి గొడవ, చెన్నై, ముంబయి కోర్టుల వ్యవహారం అని పల్లె కళాకారులు పట్టించుకోవడం లేదు. వాస్తవానికి 1957 నాటి కాపీరైటు చట్టం, దానికి 2012లో వచ్చిన సవరణ సినీకవికి ఎంత వర్తిస్తాయో మారుమూల పల్లెలో పాట కట్టే రచయితకూ అంతే వర్తిస్తాయి. కొన్ని అంశాలలో పల్లె రచయితకే ఎక్కువ రక్షణ ఉందన్నది గమనార్హం.

ఒక పాట.. నాలుగు హక్కులు

వినేవారికి పాట ఒక్కటే అయినా చట్టం దృష్టిలో అది నాలుగు పాయలు. సాహిత్యం ఒక రచన. దాని హక్కు రాసినవారిది. బాణీ మరొక రచన. దాని హక్కు స్వరకర్తది. ఈ రెంటికీ రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. మరణించిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి ఈ 60 ఏళ్లను లెక్కిస్తారు. మూడోది రికార్డింగు. ఖర్చు పెట్టి రికార్డు చేయించిన నిర్మాతకు, అది వెలువడిన నాటి నుంచి 60 ఏళ్ల వరకు ఆ హక్కు ఉంటుంది. నాలుగోది గొంతు. పాడినవారికి, వాయించినవారికి ప్రదర్శకుల హక్కు పేరిట 50 ఏళ్ల రక్షణను చట్టం కల్పించింది.

ఈ హక్కులు పుట్టడానికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. పాట రాసి కాగితంపై పెట్టిన క్షణానే హక్కు పుడుతుంది. బాణీ విషయంలో 1994 సవరణకు ముందు స్వరాన్ని రాతలో పెట్టి ఉండాలన్న నిబంధన ఉండేది. ఆ సవరణతో అది తొలగిపోయింది. స్వరలిపి రాయడం రాని పల్లె కళాకారునికి ఇది పెద్ద ఊరట. అయినా మూడు దశాబ్దాలు గడిచినా ఈ మార్పు పల్లెలకు చేరలేదు.

1977 తీర్పు.. 2012 సవరణ

సినిమా పాటల రచయితలు, స్వరకర్తలు దశాబ్దాల పాటు ఒక్కసారి తీసుకున్న పారితోషికంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇందుకు మూలం 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ (ఐపీఆర్ఎస్), ఈస్టర్న్ ఇండియా మోషన్ పిక్చర్స్ అసోసియేషన్ మధ్య సాగిన ఆ వివాదంలో, నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న పాటకు వేరే ఒప్పందం లేనప్పుడు తొలి యజమాని నిర్మాతేనని న్యాయస్థానం తేల్చింది. గాయకుడికి చట్టంలో చోటు లేకపోవడాన్ని అదే కేసులో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ తన అదనపు తీర్పులో ఎత్తిచూపారు. గాయకులకు ప్రదర్శకుల హక్కు దక్కడానికి ఆ తర్వాత 1994 వరకు ఆగవలసి వచ్చింది.

రచయితల పరిస్థితి మారింది 2012లో. రాజ్యసభ సభ్యుడిగా ఉన్న హిందీ గీత రచయిత జావేద్ అఖ్తర్ ఇందుకోసం గట్టిగా పోరాడారు. పార్లమెంటు ఆమోదించిన సవరణ ఆ ఏడాది జూన్ 21న అమలులోకి వచ్చింది. దీని సారాంశం సులువు. సినిమా పాట హక్కును రచయిత నిర్మాతకు రాసిచ్చినా, థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించడం మినహా మరే విధంగా ఆ పాటను వాడుకున్నా వచ్చే రాయల్టీలో సమాన వాటా రచయితకు, స్వరకర్తకు దక్కాలి. ఆ వాటాను వదులుకుంటున్నానని సంతకం చేసినా చెల్లదు. వారసులకు, కాపీరైటు సొసైటీకి తప్ప దానిని మరెవరికీ బదలాయించలేరు.

పల్లెలకు సంబంధించిన అసలు మాట దీని పక్కనే ఉంది. సినిమాతో సంబంధం లేకుండా ఆల్బమ్‌గానో, వీడియోగానో రికార్డయిన పాటకు థియేటర్ మినహాయింపు సైతం లేదు. ఏ రూపంలో వాడుకున్నా రచయితకు, స్వరకర్తకు సమాన వాటా రావలసిందే. అంటే భక్తి గీతాలు, జానపద శైలి పాటలు రాసి ఛానళ్లకు ఇచ్చే జిల్లా రచయితకు చట్టం సినీకవి కన్నా ఒక మెట్టు పైనే పీట వేసింది. ఆ పీట మీద కూర్చునేవారే కరవయ్యారు.

బాలు నోటీసు చెప్పిన పాఠం

2017 మార్చిలో అమెరికాలో కచేరీలు చేస్తున్న ప్రముఖ గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి సంగీత దర్శకుడు ఇళయరాజా తరఫున నోటీసు అందడం తెలుగునాట సంచలనం కలిగించింది. తాను స్వరపరచిన పాటలను అనుమతి లేకుండా వేదికలపై పాడరాదన్నది ఆ నోటీసు సారాంశం. ఆ యాత్రలో ఇళయరాజా పాటలు పాడబోమని బాలు ప్రకటించారు. స్నేహితుల మధ్య ఇదేమి పంచాయితీ అని అభిమానులు నొచ్చుకున్నారు. అనంతరకాలంలో వారిద్దరూ మళ్లీ కలిశారు.

అభిమానాన్ని పక్కనబెట్టి చూస్తే ఆ ఘటన ఒక చట్ట సూత్రాన్ని విడమరచి చెప్పింది. పాటను తొలిసారి పాడి ప్రాణం పోసినంత మాత్రాన ఆ పాట గాయకుడి సొంతం కాదు. టికెట్టు పెట్టి వేదికపై పాడాలంటే సాహిత్యానికి, బాణీకి లైసెన్సు తీసుకోవాలి. సాధారణంగా ఆ బాధ్యత కార్యక్రమ నిర్వాహకులది. ఇదే సూత్రాన్ని తిప్పి చూస్తే, ఊరి రచయిత కట్టిన పాటను ఎంత పేరున్న గాయకుడు పాడినా ఆ రచయిత అనుమతి, వాటా తప్పవు. పెద్దల వివాదంలో చిన్నవారికి దొరికే పాఠం ఇదే.

ఏ పద్యం ఎప్పటివరకు

జిల్లాలో పౌరాణిక నాటకం ఆడని తిరునాళ్లు అరుదు. ఏ నాటకానికి అనుమతి కావాలి, దేనికి అక్కర్లేదు అన్నది కవి మరణించిన సంవత్సరాన్ని బట్టి తేలుతుంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1912లో మరణించారు. ఆయన నాటకాలు ఏనాడో ప్రజల సొత్తయ్యాయి. పాండవోద్యోగ విజయాలు రాసిన తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో కన్నుమూశారు. జంట కవుల విషయంలో చివరగా మరణించినవారి నుంచి లెక్క మొదలవుతుంది కనుక 2011 జనవరి 1 నుంచి ఆ పద్యాలు ఎవరైనా వాడుకోవచ్చు. సత్యహరిశ్చంద్ర రచయిత బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో మరణించగా, 2014 జనవరి 1 నుంచి ఆ నాటకానికి ఆంక్షలు లేవు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. హరిశ్చంద్ర కాటి సీనులో నటులు అలవాటుగా పాడే గుర్రం జాషువా శ్మశాన పద్యాలు బలిజేపల్లివి కావు. జాషువా 1971లో మరణించారు. ఆ పద్యాలపై హక్కు 2031 డిసెంబరు 31 వరకు ఉంటుంది. ఒకే రాత్రి, ఒకే వేదికపై నాటకం ప్రజల సొత్తు, అందులోని కొన్ని పద్యాలు కవి వారసుల సొత్తు.

అన్నమయ్య కీర్తనల సంగతీ ఇటువంటిదే. 15వ శతాబ్దపు సాహిత్యానికి యజమాని లేడు. వాటిలో ఎన్నింటికో బాణీలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఈ జిల్లా కంబదూరు మండలం రాళ్లపల్లిలో పుట్టినవారు. ఆయన 1979లో మరణించారు. ఆయన సొంతంగా కూర్చిన బాణీలకు 2039 చివరి వరకు రక్షణ ఉంటుంది. ఉద్యోగంలో భాగంగా కూర్చినవైతే, వేరే ఒప్పందం లేని పక్షంలో హక్కు సంస్థకు చెందుతుందని చట్టం చెబుతోంది. కీర్తన పాతదే కదా అని బాణీని సైతం పాతదిగా భావించడం పొరపాటు.

తరిమెలకు చెందిన విద్వాన్ విశ్వం 'పెన్నేటిపాట'ను కచేరీకి, రికార్డింగుకు వాడుకోవాలంటే 2047 చివరి వరకు వారసుల అనుమతి అవసరం. ఆయన 1987లో కన్నుమూశారు. బుక్కరాయసముద్రం చెరువు గట్టు తెగకుండా ప్రాణమిచ్చిన ముసలమ్మ కథకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ కథతో కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం రాశారు. ఆయన 1951లో మరణించినందున 2012 నుంచి ఆ కావ్యమూ అందరిదే. ఒకవేళ కావ్యానికి హక్కు మిగిలి ఉన్నా కథకు ఉండేది కాదు. ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైటు ఉండదని, చెప్పిన తీరుకే ఉంటుందని 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి ముసలమ్మపై రేపు పదిమంది పది కొత్త పాటలు కట్టవచ్చు. ఎవరి పాటకు వారే హక్కుదారులు.

జానపదానికి దిక్కెవరు?

కవి పేరున్న పాటకు లెక్క కుదిరింది. కవి ఎవరో తెలియని పాట సంగతేమిటి? నాట్ల పాట, దంపుడు పాట, ఉరుములవారు తరతరాలుగా పాడుతున్న దేవతల కథలు ఎవరు కట్టారో చెప్పలేం. మన కాపీరైటు చట్టంలో జానపదానికి ప్రత్యేక రక్షణ లేదు. ఫలితంగా దానిని ఎవరైనా తీసుకుని రెండు చరణాలు మార్చి, కీబోర్డు జోడించి తన పేరుతో విడుదల చేయవచ్చు.

2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలోని 'సారంగదరియా' పాట విషయంలో ఇదే వివాదం రేగింది. తెలంగాణ జానపదం ఆధారంగా రచయిత సుద్దాల అశోక్‌తేజ దానిని సినిమాకు మలిచారు. ఆ జానపదాన్ని వెలికితీసి పాడిన గాయనికి గుర్తింపు దక్కాలన్న డిమాండు గట్టిగా వినిపించింది. పాట పుట్టుక సంగతి తేల్చడం కష్టమే అయినా, సేకరించి బతికించినవారి పేరు చెప్పడం కష్టం కాదన్న అభిప్రాయం నాడు వ్యక్తమైంది.

జానపదాన్ని మలచినవారికి హక్కు లేకపోలేదు. వారు కొత్తగా చేర్చిన మాటలకు, బాణీకి, తమ రికార్డింగుకు మాత్రమే ఆ హక్కు పరిమితం. మూలం మీద వారికి పెత్తనం రాదు. ఆచరణలో జరుగుతున్నది వేరు. పెట్టుబడి ఉన్న ఛానల్ ఒక జానపదాన్ని ముందుగా రికార్డు చేసి యూట్యూబ్ గుర్తింపు వ్యవస్థలో నమోదు చేసుకుంటే, అదే పాటను తాతల నాటి నుంచి పాడుతున్న బృందం తర్వాత తమ వీడియో పెట్టినప్పుడు అభ్యంతరం ఎదురయ్యే ప్రమాదముంది. యంత్రానికి స్వరం పోలిక తెలుస్తుంది గానీ పాట వయసు తెలియదు. అటువంటప్పుడు ఇది సంప్రదాయ గీతమని, తమ రికార్డింగు సొంతమని అక్కడే అభ్యంతరానికి జవాబివ్వాలి. మన నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 36 గంటలలో వెబ్‌సైటు సంస్థ ఆ పాటను నిలిపివేయాలి. ఫిర్యాదుదారు 21 రోజులలో కోర్టు ఉత్తర్వు తేకపోతే సంస్థ తిరిగి ఉంచవచ్చు. మౌనంగా ఊరుకుంటే పాట పోయినట్లే.

గొంతుకు రక్షణ ఉంది

జానపద కళాకారులకు చట్టంలో దారే లేదనుకుంటే పొరపాటు. పాట అందరిదైనా పాడిన తీరు పాడినవారిదే. ప్రదర్శకుల నిర్వచనంలో గాయకులు, వాద్యకారులు, నర్తకులే కాదు, గారడీ చేసేవారు, పాములాడించేవారు సైతం ఉన్నారు. ప్రదర్శన ఇచ్చే మరే వ్యక్తి అయినా ప్రదర్శకుడేనని చట్టం స్పష్టంగా పేర్కొంది. ఉరుములవారు, గొరవయ్యలు, బుడగజంగాలు, తోలుబొమ్మలాట కళాకారులు అందరూ ఇందులోకి వస్తారు. వారి అనుమతి లేకుండా ప్రదర్శనను రికార్డు చేసి వ్యాపారానికి వాడుకోకూడదు. వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ ఇవ్వాలి. తమ పేరు చెప్పమని, తమ ప్రదర్శనను వక్రీకరించవద్దని అడిగే హక్కును 2012 సవరణ వారికి ఇచ్చింది.

నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు భౌగోళిక గుర్తింపు ఉంది. ధర్మవరం పట్టుచీరకూ ఉంది. ఈ గుర్తింపు చేతితో తయారైన వస్తువుకు రక్షణ ఇస్తుంది. బొమ్మ వెనుక నిలబడి పాడే పాటకు ఇవ్వదు. ఆ పాటకు, గొంతుకు మిగిలిన ఆసరా ప్రదర్శకుల హక్కే. తిరునాళ్లలో సెల్‌ఫోను పట్టుకుని ఎదుట నిలిచినవారిని ఈ రికార్డు ఎందుకోసమని అడిగే చైతన్యం రావాలి.

తెల్లకాగితంపై సంతకం

క్యాసెట్ల కాలం నుంచి నేటి వరకు పల్లె రచయితలను దెబ్బతీస్తున్నది ఒప్పందమే. చేతికి కొంత సొమ్ము ఇచ్చి, సర్వహక్కులు మావేనని రాయించుకోవడం పరిపాటి. అప్పుల్లో ఉన్న రచయితకు ఆ పూట సొమ్ము ముఖ్యం. చదవకుండా సంతకం పెడతాడు.

ఈ అంశంపై చట్టం నిక్కచ్చిగా ఉంది. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. నోటిమాట చెల్లదు. ఏ పాట, ఏయే హక్కులు, ఎంత ప్రతిఫలం, ఎంతకాలం, ఏ ప్రాంతం అన్నవి ఒప్పందంలో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా భావించాలి. మరో విధంగా రాసుకుంటే తప్ప, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే అది తిరిగి రచయితకే చెందుతుంది. ఒప్పందం నాటికి వాణిజ్య వాడుకలో లేని మాధ్యమానికి, దాని పేరు ప్రత్యేకంగా రాయనిదే హక్కు వెళ్లదని 2012 సవరణ చేర్చింది. రేపు ఏ కొత్త యంత్రం వచ్చినా నేటి సంతకం దానికి దానంతటదే వర్తించదన్నమాట.

ఛానళ్ల నిర్వాహకుల వాదనా కొట్టిపారేయదగింది కాదు. కెమెరా, స్టూడియో, ఎడిటింగు ఖర్చు తామే భరిస్తున్నామని, పది పాటల్లో ఒకటి ఆడితే గొప్పని వారంటారు. వారిలోనూ అప్పు చేసి కెమెరా కొన్న నిరుద్యోగ యువకులున్నారు. చట్టం వారి రికార్డింగు హక్కును కాదనడం లేదు. ఖర్చు పెట్టినవారి వాటా వారికి, పాట పుట్టించినవారి వాటా వీరికి దక్కాలంటోంది. ఆడని పాటకు రాయల్టీ ఇవ్వమని ఎవరూ అడగరు. ఆడిన పాటకు లెక్క చూపమనడంలో అన్యాయం లేదు.

పెళ్లి పందిరి.. చవితి మండపం

పాట వాడుకునేవారికీ సందేహాలున్నాయి. చవితి మండపంలో, పెళ్లి ఊరేగింపులో పాటలు పెడితే కేసులవుతాయన్న భయం డీజేల వారిలో ఉంది. నిజమైన మతపరమైన వేడుకలో, అధికారిక వేడుకలో పాటలు వినిపించడం ఉల్లంఘన కాదని చట్టంలోని 52వ సెక్షను చెబుతోంది. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు మతపరమైన వేడుకలోకే వస్తాయని వివరణ ఇచ్చింది. పెళ్లిళ్లలో రాయల్టీ వసూలు చేయరాదని 2023 జులైలో కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ ప్రకటన జారీ చేసింది. ఇటువంటి అంశంపైనే గోవా ప్రభుత్వం ఇచ్చిన సర్క్యులర్‌ను 2024లో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. సర్క్యులర్లు చట్టాన్ని మించిపోకూడదన్నది దీని సారం. చట్టంలోని మినహాయింపు మాత్రం అలాగే ఉంది.

టికెట్టు లేకుండా ఔత్సాహిక సంఘాలు ఆడే నాటకానికి, ఆలయ సహాయార్థం ఇచ్చే ప్రదర్శనకూ మినహాయింపు ఉంది. దీనిని బట్టి జాషువా పద్యం పాడిన ఊరి నటుడికి భయం అక్కర్లేదు. అదే నాటకాన్ని రికార్డు చేసి ఛానల్‌లో పెట్టి ఆదాయం పొందితే ఈ మినహాయింపు వర్తించదు. హోటళ్లు, టికెట్టు కచేరీలు, వాణిజ్య కార్యక్రమాలు లైసెన్సు తీసుకోవలసిందే.

కోర్టు దూరం కాదు

హక్కు కోసం చెన్నై, ముంబయి వెళ్లనక్కరలేదు. రచయిత తాను నివసించే చోటి జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చని చట్టంలోని 62వ సెక్షను వెసులుబాటు ఇచ్చింది. కావాలని హక్కును ఉల్లంఘించినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచిత న్యాయసహాయం అందిస్తుంది. జానపద కళాకారుల్లో అధికులు ఈ వర్గాలవారే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకున్నా వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికివస్తుంది. సాహిత్యానికైనా బాణీకైనా ఒక్కో రచనకు రుసుము 500 రూపాయలు. ఐపీఆర్ఎస్‌లో సభ్యులైతే లైసెన్సుల ద్వారా వసూలయ్యే రాయల్టీలో వాటా అందుతుంది.

హక్కు కాగితం మీద ఉంటే చాలదు. జానపదానికి కంచె వేయాలని ఎవరూ కోరడం లేదు. కంచె వేస్తే ఒక ఊరి పాట మరో ఊరికి చేరదు, పాటే చచ్చిపోతుంది. కావలసింది పేరు, వాటా. ఉరుములవారి కథలు, గొరవ పాటలు పాడేవారి పేర్లతో, ఊర్లతో, తేదీలతో రికార్డయి విశ్వవిద్యాలయంలోనో, ఆకాశవాణి కేంద్రంలోనో భద్రమైతే, రేపు ఎవరైనా ఆ పాట తమదేనని వచ్చినప్పుడు చూపడానికి ఆధారం ఉంటుంది. సాంస్కృతిక శాఖ, న్యాయసేవాధికార సంస్థ కలిసి మండలానికొక అవగాహన సదస్సు పెట్టి, సరళమైన తెలుగులో ఒక నమూనా ఒప్పందపత్రం కళాకారుల చేతికి ఇస్తే సగం మోసాలు ఆగుతాయి. ఇందుకు పెద్ద బడ్జెట్ అవసరం లేదు. ఆ కథలన్నీ నోటి మీద ఉన్న తరం వయసు మీరుతోంది. అధికారులు ఆలస్యం చేసేకొద్దీ పాడేవారితో పాటు సాక్ష్యమూ కరిగిపోతుంది.